తీతువు కుంటిన పూట

ఆ ఏడు చిట్టడవిలో వాగు ముందే ఇంకిపోయింది. బండ కింద ఒక్క చెలమ మిగిలింది. అదీ చాలక రోజూ కొట్లాటలే. ఆ అడవికి పెద్దదిక్కు ఒక ముసలి ఏనుగు. అందరూ పెద్దమ్మా అని పిలుస్తారు. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? చెరువు తవ్విద్దాం అంది. స్థలం చూసే పని నక్కకు అప్పగించింది. అక్కడే వచ్చింది తంటా అంతా.

నక్క ఊరికే నాలుగు చక్కర్లు కొట్టి వచ్చి, "వాగు పక్క రాళ్ళ పల్లం ఉంది పెద్దమ్మా! చెట్టు లేదు, పుట్ట లేదు. మొత్తం ఖాళీ," అంది.

ఖాళీయట! అక్కడ తీతువు పిట్ట కాపురం ఉంటోంది. గూడు కట్టడం తీతువుల ఇంటావంటా లేదు. గులకరాళ్ళ మధ్య, ఆ రాళ్ళ రంగులోనే గుడ్లు పెట్టుకుని కాపు కాసుకుంటాయి. ఎండ ముదిరితే ఈ తల్లి చెలమ దాకా ఎగిరి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరిచేది. ఆ సంగతి నక్కకు తెలీదనుకుంటున్నారా? భేషుగ్గా తెలుసు. గుడ్లు తిందామని అంతకు ముందే ముక్కు అరిగేలా వెతికింది. ఏది రాయో ఏది గుడ్డో తేలలేదు. అందుకే, తవ్వబోతే తల్లే చూపిస్తుందని ఈ ఎత్తు వేసింది.

మర్నాడు పొద్దున్నే అడవిపందుల దండు తవ్వడానికి దిగింది. పెద్దమ్మ కూడా వచ్చింది. తీతువు ఒక్క పరుగున అడ్డం వచ్చింది.

"ఆగండి బాబూ, ఆగండి! ఇది నా ఇల్లు!"

"ఇల్లా? ఏదీ, గోడేదీ, గుమ్మమేదీ?" అంది నక్క చుట్టూ చూస్తూ. "పొద్దున్నే ఈ అరుపులేంటమ్మా, అసలే నీ గొంతు అశుభమంటారు."

"నా గొంతు సంగతి తర్వాత చూద్దువుగాని. ఇక్కడ నా గుడ్లున్నాయి."

పందుల్లోంచి ఒక తల్లి ముందుకొచ్చింది. దాని వెనక పిల్లలు నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డాయి. "నీ ఒక్కదాని కోసం వీళ్ళందరూ దాహంతో చావాలా తల్లీ? నువ్వే చెప్పు," అంది. కోపంగా కాదు, ఏడుపు గొంతుతో అంది.

ఆ పిల్లల్ని చూస్తే తీతువుకూ జాలేసింది.

నక్క ఇదే అదను అనుకుంది. "పోనీలే, మనది అన్యాయం చేసే అడవి కాదు. గుడ్లు ఎక్కడున్నాయో నాకు చూపించు. కొండ అవతల బదులు స్థలం ఇప్పిస్తాను."

"గుడ్లకు కాళ్ళుంటాయా అన్నా, కొండ దాటడానికి?"

"అదంతా నాకు తెలీదు. చూపించావా, ఇల్లున్నట్టు. చూపించలేదా, ఖాళీ స్థలం. అంతే కదా పెద్దమ్మా?"

పెద్దమ్మ ఆలోచించి, "అడిగినదాంట్లో తప్పేముంది? చూపించవే పిల్లా," అంది.

చూడండి దాని కర్మ! చూపిస్తే నక్క నోట్లోకి, చూపించకపోతే పందుల కాళ్ళ కిందికి. తీతువు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచి, "సరే, నాతో రండి," అంది.

నాలుగడుగులు వేసిందో లేదో, ఒక రెక్క జారేసింది. కాలు ఈడ్చింది. అయ్యో అమ్మా అని మూలుగుతూ కుంటడం మొదలుపెట్టింది.

నక్కకు నోరూరింది. అంతవరకు వెలగబెట్టిన పెద్దరికం ఏ గాలికి పోయిందో! ఒక్క దూకు దూకింది. తీతువు చిక్కినట్టే చిక్కి, ఇంకాస్త దూరంలో పడి కుంటింది. నక్క మళ్ళీ దూకింది. చెరువూ లేదు, పెద్దమ్మా లేదు, కళ్ళ ముందు పిట్ట తప్ప నక్కకు ఇంకేం కనబడలేదు. అలా అలా పల్లం దాటించి, రేగు కంప దాకా లాక్కెళ్ళి, తీతువు రివ్వున పైకి లేచింది. నక్క మాత్రం కంపలో పడింది.

పందిపిల్లలు దాహం మర్చిపోయి నవ్వాయి. ముళ్ళు పీక్కుంటూ వచ్చిన నక్క, "దగా! చూపిస్తానని చూపించలేదు!" అని అరిచింది.

"చూపించింది కదరా," అంది పెద్దమ్మ. "రెక్క బాగున్న తీతువు ఊరికే కుంటదు. వెనకాల కన్నబిడ్డ ఉంటేనే కుంటుంది. దానికి వేరే సాక్ష్యం కావాలా? ఇంతకీ స్థలం చూడమంటే నువ్వు పిట్టను చూశావేం?"

నక్క నేల చూపులు చూసింది.

"మరి చెరువో?" అంది పందితల్లి మెల్లగా.

తీతువు వచ్చి దాని ముందు వాలింది. "చెరువు నాకూ కావాలి వదినా. పొట్ట తడుపుకోడానికి నేను పడే పాట్లు నీకేం తెలుసు! ఆ చివర నుంచి తవ్వుకు రండి. మా పిల్లలు గుడ్డు పగిలిన పూటే నడుస్తాయి. నడిచిన రోజు నేనే మిమ్మల్ని పిలుస్తాను."

"ఈ మాట ముందే చెప్పొచ్చు కదే!" అంది పెద్దమ్మ.

"ఎవరడిగారు పెద్దమ్మా? ఖాళీ అన్నారు, వచ్చేశారు."

తప్పు నాదే తల్లీ అని, ముసలి ఏనుగు నేరుగా చెలమకు నడిచింది. తొండంలో తెచ్చిన నీళ్ళు ఆ రాళ్ళ మీద తుంపరగా చల్లింది. తీతువు ఆ తడిలో రాళ్ళ మధ్య నిలబడి కాసేపు ఏడ్చింది.

పందులు ఆ చివర నుంచి తవ్వాయి. రాళ్ళు మోసే పని నక్కకు పడింది. ప్రతి రాయినీ గుడ్డేమోనని వాసన చూసి మరీ మోసేది, సిగ్గులేనిది! చెరువు సగం కాకముందే నాలుగు పిల్లలు టుకుటుకుమంటూ రాళ్ళలోంచి నడిచొచ్చాయి. ఇచ్చిన మాట ప్రకారం తీతువు పందుల్ని పిలిచింది. ఆ గొంతు అశుభమని ఆ రోజు ఎవరూ అనలేదు.

అందరి మేలు కోసమే అయినా సరే, ఒకరి చోటు తీసుకునే ముందు వాళ్ళను అడగాలి.