రాజుగారి చిలుము, అంకయ్య నాలుక

నల్లగుట్ట సంస్థానాన్ని ఏలిన వీరమల్లరాజుకు, పొగాకు రుచి తనకు తెలిసినట్లు మరెవరికీ తెలియదని గర్వం. అంకయ్య అనే పనివాడు బంగారు రంగు ఆకును బరువుల కింద దిమ్మగా నొక్కి, పలుచని రేకులుగా కోసి కోటకు పంపేవాడు. ఒకనాడు ఆ పొగ రాజుగారి నాలుకను చురుక్కున కాల్చింది. రాజు మండిపడి, అంకయ్య నాలుక కోయమని ఆజ్ఞాపించాడు.

"చిత్తం మహాప్రభూ! ఒక్కటే మనవి," అన్నాడు అంకయ్య. "ఆ దిమ్మలోనిదే మరొక రేకు చిలుములో వెలిగించండి. తలారి కత్తి నూరుతూ ఉంటాడు. కత్తి పదిసార్లు రాతిమీద నడిచినప్పుడల్లా ఒక్క దమ్ము లాగండి. చిలుము బూడిదయ్యాక నా నాలుక తమది."

"భలే వేడుక కోరావురా!" అని రాజు నవ్వి ఒప్పుకున్నాడు.

కత్తి కరకరమంటూ రాతిమీద నడిచింది. రాజు లెక్కపెడుతూ, ఆగి ఆగి పీల్చాడు. చిలుము చల్లారేసరికి ఆయన ముఖం విప్పారింది.

"ఎండుగడ్డి పరిమళం, వెనుకనే తేనె తీపి! ఇందాక ఈ రుచి ఎక్కడ దాగిందిరా?"

"ఎక్కడా దాగలేదు ప్రభూ. ఇందాక తమరు గబగబా పీల్చారు. అలా వేడెక్కిన ఆకు ఎవరి నాలుకనైనా కాలుస్తుంది."

తన నోటితోనే మెచ్చుకున్న రాజు, కత్తి దించమని తలారికి సైగ చేశాడు.

"నిరుడు ఇదే నేరానికి నాలుక పోగొట్టుకున్న మీ అన్న, ఈ మాట ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పబోయాడు ప్రభూ. ఆనాడు కత్తి ముందే నూరి ఉంది."