తవ్విన గుంత

నేనెప్పుడూ ఏదీ రాసినదాన్ని కాదు. అయిదో తరగతి చదివాను, అంతే. కానీ మా ఇంటివాళ్ళ తెలివి ఎక్కడా రాసి లేకపోతే అన్యాయమనిపించింది.

మా ఆయన దాలయ్య, మరిది తవిటయ్య జూలో బోనులు కడుగుతారు. జూ క్వార్టర్లోనే మా కాపురం. "ఈ జూ మొత్తానికి బుర్రున్నది మా ఇద్దరికే" అంటాడు మా ఆయన. "నా పెంపకం మరి" అంటుంది మా అత్త నూకాలమ్మ. ఆ మాట కోతులు కూడా ఒప్పుకోవు.

ఓ రోజు జూ జంతువుల్ని చూసే డాక్టరమ్మ చిన్న బోను తెచ్చి మా గుమ్మంలో పెట్టింది. లోపల ఎలుకంత జంతువు. మూతి మాత్రం ముంగిస మూతి.

"ఇది ఎలుక కాదు, కంగారూలా సంచి ఉండే జాతి. వానలు ఎక్కువ పడే అడవిలో పుట్టింది. పురుగులు తింటుంది. పొట్ట కింద సంచిలో నాలుగు పిల్లలు చన్నులు పట్టుకుని ఉన్నాయి, లాగితే చస్తాయి. చలి పడితే చచ్చినట్టు పడుంటుంది, వెచ్చబడితే లేస్తుంది. వీటిలో మగవి ఏడాది నిండేసరికి పోతాయి" అంది.

మా ఆయన కాసేపు ఆలోచించాడు. "నాకు నలభై ఏడండి. అంటే నేనీ జాతి కాదు."

డాక్టరమ్మ నావైపు చూసింది. "నేను ఊరెళ్ళి ఎల్లుండి పొద్దున్న వస్తాను. తల్లీ పిల్లలూ బతికుండాలి. లేదా ఉద్యోగాలూ ఉండవు, ఈ క్వార్టరూ ఉండదు."

పురుగులు నేను చూస్తానంది మా అత్త. రేషను బియ్యం చేటలో పోసుకుంది. నిండా ముక్కుపురుగులే. గంటసేపు చెరిగి, ఒక్కటి లేకుండా ఏరి, ఆ బియ్యం బోనులో పెట్టింది.

"పురుగులేవత్తా?"

"కోడికేశాను. ఇంటికొచ్చినదానికి పురుగుల బియ్యం పెడతామా?"

పొయ్యి వెనకాల బొద్దింకలు పట్టి నేనే పెట్టాను. కరకరా నమిలింది పాపం.

ఇంతలో మా ఆయనకి వాన గుర్తొచ్చింది. అంతే, జల్లెడ పట్టుకుని బోను మీద బిందెలు కుమ్మరించడం మొదలెట్టాడు. తవిటయ్య గొడుగు తెచ్చి బోనుకి పట్టాడు.

"తడిస్తే జలుబు చేస్తుందన్నయ్యా."

"అయితే వాన ఆపనా?"

"ఆపితే ఎలా? డాక్టరమ్మ చెప్పింది కదా."

సాయంత్రందాకా ఒకడు పోశాడు, ఒకడు పట్టాడు.

మా అత్త పాతచీర చింపి నాలుగు ఉయ్యాలలు కుట్టింది. "అంత బరువు మోస్తే దాని నడుం ఏమైపోను? పిల్లల్ని తీసివ్వరా తవిటీ." వాడు చెయ్యి పెట్టబోయాడు. వాళ్ళకి ఎదురు చెప్పి ఎరగను.

"మూఢంలో ఉయ్యాల వేస్తారా అత్తా?" అన్నాను.

చెయ్యి వెనక్కొచ్చేసింది. మూఢం ఉందో లేదో ఒక్కరూ అడగలేదు.

మర్నాడు మళ్ళీ జల్లెడ వాన. మధ్యలో తవిటయ్య గొడుగు వదిలి అన్నానికెళ్ళాడు. ఇంకేముంది, జంతువు తడిసి కొయ్యలా పడిపోయింది.

"చచ్చినట్టు పడుంటుందని చెప్పింది కదండీ" అన్నాను.

"చెప్పినట్టే పడింది. అంటే చచ్చింది" అన్నాడు మా ఆయన.

మా అత్త శోకాలు. అన్నదమ్ములు పెరట్లో గుంత తవ్వారు. ఎలుకంతదానికి నడుంలోతు గుంత. ఈలోగా నేను దాన్ని పాతగుడ్డలో చుట్టి, కుండలో పెట్టి, పొయ్యి పక్కనుంచాను. అరగంటకి మూతి కదిలింది. సంచి తొంగి చూశాను. పెసరగింజల్లా నాలుగూ ఉన్నాయి.

"లేచింది" అని చూపించాను.

"మంచిదే. మరి గుంత?" అన్నాడు మా ఆయన.

"తవ్విన గుంత ఖాళీగా ఉంచితే ఇంటికి అరిష్టం" అంది అత్త.

ముగ్గురూ ఆలోచించారు. అంతే, ఖాళీ బోను అందులో పూడ్చేసి, స్నానాలు చేసి వచ్చారు.

మర్నాడు పొద్దున్నే నేను గునపం పట్టుకుని బోను పైకి తీశాను. కడిగి, తుడిచి, తల్లిని అందులో పెట్టేసరికి డాక్టరమ్మ గేటు దగ్గరుంది. ఎదురెళ్ళి చేతికిచ్చాను. పిల్లల్ని లెక్కపెట్టుకుంది. నాలుగు.

"మీవాళ్ళేరి?" అంది.

"గుంత మళ్ళీ ఖాళీ అయింది కదమ్మా. మా మరిది అందులో పడుకున్నాడు. ఎండ తగలకుండా మా ఆయన గొడుగు పట్టాడు" అని చెప్పాను.