ఎడమవైపు బాన

నాగసిరికి ఒళ్లు మండిపోతోంది.

కృష్ణ ఒడ్డున, కొండమీద ఉండేది ఆ భిక్షుణుల విహారం. దేశదేశాల ఆడవాళ్లు వచ్చి అక్కడే ఉండి చదువుకునేవాళ్లు. కొత్తవాళ్లకు గది చూపించి, పద్ధతులు చెప్పి, కుదురుకునేదాకా కనిపెట్టుకుని ఉండే పని నాగసిరిది. ఆమె దృష్టిలో అది పని కాదు, పెత్తనం. నడుముకు తాళంచెవుల గుత్తి కట్టుకుని గలగలలాడించుకుంటూ తిరిగేది. ఎవరొచ్చినా నియమాలన్నీ ఒక్క గుక్కలో, తన భాషలో వల్లించేసి, గది వైపు వేలు చూపించి వెళ్లిపోయేది.

తెల్లవారితే వానాకాలపు దీక్ష. ఆ లోపు గది లేనివాళ్లకు వానలు వెళ్లేదాకా విహారంలో చోటుండదు. అందుకే సంగతి ఇవాళే తేల్చెయ్యాలని, గురువు బోధిసిరి దగ్గరికి విసవిసా వచ్చింది.

“అమ్మా, ఆ యవద్వీపం మనిషిని పంపించెయ్యండి. దాంతో నావల్ల కాదు.”

“ఆమెకు పేరు లేదా?”

“ఉందిలెండి. నాకు నోరు తిరగదు.”

వులన్. రెండక్షరాలూ ఒక పొల్లూ. సూత్రాలకు సూత్రాలే తడుముకోకుండా అప్పజెప్పే నోటికి అది తిరగలేదట!

“ఏం చేసింది?”

“ఏం చెయ్యలేదని అడగండి! వాకిట్లో రెండు బానలున్నాయి కదా. కుడివైపుది తాగడానికి, ఎడమవైపుది కాళ్లు కడుక్కోవడానికి. ఇది తెలియనివాళ్లుంటారా? ఆ మహాతల్లి వస్తూనే తాగేనీళ్లు ముంచుకుని బురదకాళ్లు కడిగింది. అందరి ముందూ దులిపేశాను. మళ్లీ ఆ బాన వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు!”

“మరి తాగడానికో?”

నాగసిరికి నవ్వు ఆగలేదు. “ఎడమ బానలోవే! కళ్లు మూసుకుని గటగటా తాగేస్తుంది. మేమంతా స్తంభం చాటున నిలబడి కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.”

బోధిసిరి నవ్వలేదు. మోకాళ్లు పట్టుకుని లేచి, మెల్లగా మెట్లు దిగింది. ఎడమవైపు బాన మూత తీసింది. పైన గడ్డిపరకలు, అడుగున ఎర్రమట్టి. ముంతెడు ముంచి నోటికెత్తుకుంది.

“అమ్మా!” నాగసిరి కేకకు గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒక్క ఉదుటున వచ్చి ముంత పట్టుకుంది. “వద్దమ్మా, అవి కాళ్లు కడిగే నీళ్లు!”

అప్పటికే ఒక గుక్క లోపలికి పోయింది. బోధిసిరి మూతి తుడుచుకుంది. ఆవిడకు కోపం రావడం అంతవరకూ ఆ విహారంలో ఎవరూ చూడలేదు.

“నేను తాగితే అరిచావు. ఆమె తాగితే నవ్వావు.”

అంతే. ముంత నాగసిరి చేతిలోనే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

నాగసిరి ముంతను బూడిదతో తోమింది. కుడివైపు బానలో ముంచింది. తాళంచెవులు చప్పుడు చెయ్యకుండా ఒక చేత్తో అదిమిపట్టుకుని, వరండా చివరి గది దాకా నడిచింది. లోపల ఆ పరాయి దేశపు పిల్ల మూట కట్టుకుంటోంది.

“వులన్,” అని పిలిచింది.

నోరు బాగానే తిరిగింది.