చిట్టబ్బాయిగారింట్లో పూసిన ఊటీ పువ్వు

మండపేటలో ఉన్న తెలివంతా మూటగడితే, ఆ మూట చిట్టబ్బాయిగారింట్లోనే దొరుకుతుంది. ఈ మాట అన్నది మాత్రం చిట్టబ్బాయిగారే. ఊళ్ళోవాళ్ళనడిగితే, ఆ మూట ఆయన ఇంతవరకూ విప్పలేదంటారు.

ఆయన భార్య సుభద్రమ్మ, ఆవిడ తమ్ముడు పోతురాజు, కూతురు హైమ. నలుగురిదీ ఒకటే పద్ధతి. ఎవరేం చెప్పినా ఒక్క అక్షరం పొల్లుపోకూడదు.

హైమకో సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు తల్లి వర్ధనమ్మగారు ఊటీ వెళ్ళొస్తూ ఉల్లిపాయలాంటి పూలగడ్డ ఒకటీ, మెడ సన్నంగా ఉన్న గాజుకూజా ఒకటీ తెచ్చిచ్చారు.

"అన్నయ్యగారూ, దీనికి మట్టి అక్కర్లేదు, నీళ్ళు చాలు. ఆ నీళ్ళు గడ్డకి తగిలీ తగలనట్టుండాలి. వేరొచ్చేదాకా చల్లగా, చీకట్లో పెట్టండి. దగ్గర్లో పండు ఉంచకండి, మొగ్గ పాడవుతుంది. నీళ్ళలోంచి మాత్రం బయటికి తియ్యొద్దు. పూయగానే కబురు పెట్టండి. ఆ పువ్వు అమ్మాయి జడలో పెట్టండి, కళ్ళారా చూసి తాంబూలాలు పుచ్చుకుంటాం" అన్నారు.

హైమకి పెళ్ళికొడుకు తెగ నచ్చాడు. పువ్వు పూయకపోతే పెళ్ళి లేదని ఇల్లంతా బెంగ.

చల్లగా, చీకటిగా ఉండేది ఫ్రిజ్జే కదా! పెట్టారు. తలుపు తీస్తే లోపల లైటు!

"మూస్తే ఆరిపోతుంది లెండి" అంది సుభద్రమ్మ.

"ఆరినట్టు నువ్వు చూశావా?" అన్నారు చిట్టబ్బాయిగారు.

అంతే. అరలన్నీ పీకేసి పోతురాజు లోపల దూరాడు. మోకాళ్ళు అడ్డమొచ్చి తలుపు పడలేదు.

"వెలుగుతూనే ఉంది బావగారూ!" అని అరిచాడు.

ఇంకేముంది, ఫ్రిజ్జు ప్లగ్గు పీకేశారు. చీకటైతే దొరికింది గానీ చల్లదనం పోయింది. పాలు విరిగాయి, పెరుగు పులిసింది, పిండి పొంగి పోతురాజు చొక్కాకి అంటుకుంది. కూజాని బీరువాలోకి మార్చి, పట్టుచీరల మధ్య ఐసుగడ్డలు పేర్చారు.

మరి వేరొచ్చిందో లేదో చూడాలంటే? తలుపు తీస్తే వెలుతురొస్తుందాయె.

"చీకట్లోనే చూడాలి. అందరూ కళ్ళకి గంతలు కట్టుకోండి" అన్నారు చిట్టబ్బాయిగారు.

అంతే. నలుగురూ గంతలు కట్టుకుని, పట్టపగలు బీరువా బార్లా తెరిచి నిలబడ్డారు.

"వేరొచ్చిందా పోతురాజూ?"

"ఏమీ కనపడట్లేదు బావగారూ."

"అయితే రాలేదన్నమాట. నీళ్ళు పొయ్యి."

పోశాడు. కంచిపట్టు చీరకి వేరు రాలేదు గానీ రంగు మాత్రం బాగా దిగింది.

తర్వాత పండు సంగతి గుర్తొచ్చింది. గోడవతల పక్కింటివాళ్ళ జామచెట్టుంది, విరగకాసింది. చిట్టబ్బాయిగారు వెళ్ళి చేతులు జోడించారు.

"మా పిల్ల పెళ్ళి వ్యవహారమండీ. మీ చెట్టు కొంచెం అటు జరుపుకుంటారా?"

పక్కింటాయన నవ్వాపుకుని, "దానికేం భాగ్యం, రేపు జరిపిస్తాం" అన్నాడు. మర్నాడు సుభద్రమ్మ గోడమీంచి తొంగిచూసి, "పాపం, బాగానే జరిపారండీ" అని మురిసిపోయింది.

ఇంత చేసినా ఆ గడ్డ పూసింది! ఊదారంగు గుత్తి, ఇల్లంతా వాసన. కబురందగానే పెళ్ళివారు పళ్ళెం నిండా యాపిల్సు, బత్తాయిలు పట్టుకొచ్చారు. గుమ్మంలో పోతురాజు చేతులడ్డం పెట్టాడు.

"మీరు రండి వదినగారూ. బత్తాయిలు రాకూడదు."

పళ్ళెం అరుగుమీదే ఆగిపోయింది. లోపల అందరికీ కాఫీలిచ్చారు. అప్పుడొచ్చింది హైమ, తల వెనక్కి వాల్చుకుని అడుగులో అడుగేసుకుంటూ. జడకి ఎర్ర రిబ్బనుతో గాజుకూజా కట్టుంది. కూజాలో నీళ్ళు, నీళ్ళమీద గడ్డ, గడ్డమీద పువ్వు. వెనకాల పోతురాజు ఆ కూజా కింద చెయ్యి పట్టి నడుస్తున్నాడు.

వర్ధనమ్మగారు నోరు తెరిచారు. "ఇదేమిటి వదినగారూ?"

"నీళ్ళలోంచి తియ్యొద్దన్నారు, జడలో పెట్టమన్నారు. రెండూ చేశాం!" అంది సుభద్రమ్మ గర్వంగా.

వర్ధనమ్మగారు మొహం తిప్పుకున్నారు. హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంబంధం పోయిందనే అనుకున్నారంతా. అప్పుడు పెళ్ళికొడుకు లేచాడు. హైమ వెనక్కి వెళ్ళి కూజాలోకి తొంగిచూశాడు.

"అయ్యో, నీళ్ళు గడ్డకి తగలట్లేదండీ!" అని చేతిలో గ్లాసు గబగబా కూజాలోకి వంచేశాడు.

కూజా నిండి, పొంగి, హైమ వీపంతా తడిసింది.

"తగిలీ తగలనట్టు పొయ్యమన్నారండీ" అంది హైమ, మొదటిసారి నవ్వుతూ.

"ఇదీ తెలివంటే! మాకు తగ్గ అల్లుడు!" అని చిట్టబ్బాయిగారు గంతేశారు. వర్ధనమ్మగారు కొడుకుని ఎగాదిగా చూసి, నిట్టూర్చి, "తాంబూలాలు తెండి" అన్నారు.

ఇంతసేపూ మా అత్తారిని చూపించి మిమ్మల్ని నవ్వించాను గానీ, ఆ పెళ్ళికొడుకుని నేనే. సరే, నేనూ ఆ తానులో ముక్కనే, ఒప్పుకుంటాను. కానీ ఆ గ్లాసులో ఉన్నవి నీళ్ళు కావండీ. కాఫీ.