నాలుగు వేళ్ళ రౌతు

ఒకానొక రాజ్యంలో, పేరు మాత్రం అడక్కండి, ఒక రాజు ఉండేవాడు. గుర్రం నడిచినంతసేపు ఆయనంతటి రౌతు లేడు. అది పరుగందుకుంటే కళ్ళాలు వదిలి జూలు పట్టుకునేవాడు. అయినా దౌడు తీసే గుర్రం మీద తన బొమ్మ గీయించి, రాతి అచ్చులో కాగితాల మీద వేయించి, జమీందార్లందరికీ పంపాలని ముచ్చటపడ్డాడు.

చిత్రకారుడు ఏం చేస్తాడు పాపం? గుర్రాలను మాలిమి చేసే పోలయ్యకు రాజుగారి దుస్తులు తొడిగి, పాతకాలపు రౌతులా వట్టికాళ్ళు రికాబుల్లో పెట్టించి, పదిరోజులు పరుగెత్తించి గీశాడు. మెడపైన మాత్రం రాజుగారి ముఖం దించాడు. పదకొండోనాడు గుర్రం బోర్లాపడి పోలయ్య చచ్చిపోయాడు.

అతని పెళ్ళాం పైడమ్మ కోటకొచ్చి ఆ బొమ్మ ఒకటి ఇప్పించమంది.

"స్వారీ దొరల విద్య. దొర బొమ్మ గుడిసెలో వేలాడుతుందా?" అని రాజు గెంటించాడు.

గుమ్మం దగ్గర ఆమె ఏడుస్తుంటే ఆస్థాన విదూషకుడు పేరిశాస్త్రి ఆగాడు. "ఎందుకమ్మా ఆ బొమ్మ? అందులో ముఖం రాజుగారిది కదా!"

"మొకం పోతే పోనీ బాబూ. తక్కిందంతా మా మావే గదా. ఎడంకాలి సిటికినేలు గుర్రం తొక్కీసింది, ఆ కాలికి నాలుగేళ్ళే. ఆ కాలు సూసుకుంటే సాలు. నాకింకేటి మిగిలింది?"

శాస్త్రి గుండె చెరువైపోయింది.

ఆ సాయంత్రం కొలువులో బొమ్మ వేలాడదీసి, రాజు మీసం దువ్వాడు. "ఇందులో తప్పు పట్టినవాడికి కోరింది ఇస్తాం!"

పండితులు ఒకరిని మించి ఒకరు పొగిడారు. అందరి చూపూ కిరీటం మీదే. కాళ్ళ వంక చూసేవాడెవడు?

శాస్త్రి లేచాడు. "ఎడమకాలికి నాలుగే వేళ్ళున్నాయి మహాప్రభూ. బొమ్మ తప్పంటే నేను గెలిచినట్టే. కాదు, ఒప్పే అంటారా, తమరొక్కసారి ఆ జోడు విప్పాలి."

రాజు బొమ్మను చూశాడు, తన జోడు వంక చూసుకున్నాడు. కాసేపటికి పొట్ట పట్టుకుని నవ్వాడు. "దొరికిపోయాం శాస్త్రీ! అగ్రహారం కావాలా?"

"ఒక్క బొమ్మ చాలు ప్రభూ, పైడమ్మకి."

రాజు బొమ్మ ఇచ్చి, శాస్త్రికి శాలువా కూడా కప్పాడు. కొలువంతా పగలబడి నవ్వింది. శాస్త్రి ఆ శాలువాతోనే, కాస్త గర్వంగానే, గుడిసెకు వెళ్ళి బొమ్మను ఆమె చేతికిచ్చాడు.

పైడమ్మ కాగితాన్ని ఒళ్ళో పరుచుకుంది. రాజుగారి ముఖం కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

"వొచ్చీసినావా మావా?" అంది.