గవరమ్మకి బోణీ కాని మూడు రోజులు

అప్పుడెప్పుడో, రాళ్ళతో తూకం వేసే రోజుల్లో, మా తాతల తాతలు కూడా ఎవరో చెప్తే విన్న రోజుల్లో, మూడు వీధుల ఊరొకటి ఉండేది. కుమ్మరోళ్ళదొక వీధి. సాలోళ్ళదొక వీధి. బెస్తోళ్ళదొక వీధి. మూడూ కలిసేచోట గవరమ్మ కొట్టు.

కొట్టంటే ఏదో అనుకోకండి. తాటాకు చూరు కింద నాలుగు బానలు, ఒక తక్కెడ. ఉప్పు, చింతపండు, బెల్లం, ఎండుమిరపకాయలు. అంతే.

గవరమ్మకి మొగుడు లేడు, పిల్లల్లేరు. కాలు మాత్రం నిలిచేది కాదు. గుమ్మం దాకా వచ్చేది, మళ్ళీ తక్కెడ దాకా వెళ్ళేది. గుమ్మం దాకా, మళ్ళీ తక్కెడ దాకా.

ఆవిడకి రెండు పట్టింపులు. బోణీ అయ్యేదాకా మెతుకు ముట్టేది కాదు. అక్కర్లేని వాళ్ళకి ఉప్పుకల్లు కూడా అమ్మేది కాదు. పొద్దున్నే మొదటి బేరం తగలగానే నాణెం కళ్ళకద్దుకునేది, పిడికెడు కొసరేసేది, అప్పుడు వెళ్ళి అంబలి తాగేది. ఆ కొసరు కోసం మూడు వీధుల ఆడోళ్ళూ తోసుకుని వచ్చేవాళ్ళు. చూరు మీదికి ఎండెక్కకముందే బోణీ అయిపోయేది.

ఇలా ఉండగా ఊరి చివర నీలం తలుపుల కొట్టు వెలిసింది. ఏడు తలుపులు! పన్నెండు ఊళ్ళలో పన్నెండు కొట్లంట, అన్నిటికీ అదే నీలం, అన్నిటికీ ఒకడే షావుకారు. ఆయన మొహం ఎవరూ చూళ్ళేదు. కామేశం అని గుమస్తా ఉండేవాడు.

జనం ఎందుకు వెళ్ళరు? వెళ్ళారు. ధర తక్కువ. చింతపండే ఆరు రకాలు. "నీకెందుకే ఇంత బెల్లం, మొన్నేగా పట్టుకెళ్ళావు?" అని అడిగేవాళ్ళు లేరు. సాలోళ్ళ పోలమ్మ, గవరమ్మకి చిన్ననాటి నేస్తం, ఆవిడే మొహమ్మీద అనేసింది.

"అక్కడ ఏరుకోవచ్చే గవరమ్మా! నీ దగ్గర ఒకటే రకం."

"ఎన్ని రకాలుంటే ఏటే, అన్నీ పులుపేగా. పో, ఏరుకో పో."

బోణీ వేళ వెనక్కి జరగడం మొదలైంది. ముందు ఎండ చూరెక్కాక వచ్చేది. తర్వాత మిట్టమధ్యాహ్నం వచ్చేది. తర్వాత పొద్దు వాలాక వచ్చేది. గవరమ్మ గుమ్మం దాకా, మళ్ళీ తక్కెడ దాకా. కడుపులో ఏమీ లేదు. కాళ్ళు మాత్రం ఆగలేదు.

ఒక రోజు బోణీ అవనే లేదు.

సాలోళ్ళు కొనే ఉంటార్లే అని కుమ్మరోళ్ళు అనుకున్నారు. బెస్తోళ్ళు కొనే ఉంటార్లే అని సాలోళ్ళు అనుకున్నారు. కుమ్మరోళ్ళు కొనే ఉంటార్లే అని బెస్తోళ్ళు అనుకున్నారు. అంతా మంచోళ్ళే. అందరూ కడుపునిండా తిన్నారు.

పోలమ్మ మాత్రం అనుమానమొచ్చి కొట్టు దాకా వచ్చింది. కొట్లో పొయ్యి వెలగలేదు.

"శేరు ఉప్పు కొలువే."

"నీ ఇంట్లో ఉప్పుందా, లేదా? నిజం చెప్పు."

పోలమ్మకి అబద్ధం నోటికి రాలేదు. "నీలం కొట్లో నిన్ననే తెచ్చా."

"మరి నీకెందుకు? జాలిపడి కొంటే బోణీ కాదే, బిచ్చం. నడువు."

రెండో రోజూ అంతే. కుమ్మరోళ్ళు సాలోళ్ళనుకున్నారు, సాలోళ్ళు బెస్తోళ్ళనుకున్నారు, బెస్తోళ్ళు కుమ్మరోళ్ళనుకున్నారు. కామేశం మాత్రం బండి కట్టుకుని దిగాడు.

"అమ్మా, నీ నాలుగు బానలూ నేనే కొంటా. ఒక్క దెబ్బకి బోణీ. ఈ తిరుగుడు తప్పుద్ది నీకు."

గవరమ్మ తక్కెడ పట్టుకుని నిలబడింది. పట్టుకోకపోతే పడిపోయేలా ఉంది.

"బాబూ, బోణీ అంటే దాని వెనకాల ఇంకో బేరం ఉండాలి. నాలుగు బానలూ ఒకేసారి ఎత్తుకుపోతే బోణీ అనరు. మూత అంటారు."

కామేశం ఖాళీ బండి తిప్పుకుని పోయాడు.

మూడో రోజు. నీలం తలుపుల ముందు ఆడోళ్ళు వరసలో ఉన్నారు. నిలబడి నిలబడి విసుగొచ్చి, కుమ్మరోళ్ళ మనిషి పక్కనున్న సాలోళ్ళావిడని ఊరికే అడిగింది.

"గవరమ్మకి ఈ రెండ్రోజులూ బోణీ మీరేగా?"

"మేమెక్కడ? బెస్తోళ్ళు కదా!"

"మేం కాదు. మీ కుమ్మరోళ్ళనుకున్నాం."

ఆ వరసలోనే పోలమ్మ ఉంది, మొన్న తను వెళ్ళొచ్చాక ఎవరో ఒకరు కొనుంటారనుకుంది.

పోలమ్మ బుట్ట అక్కడే పడేసి పరిగెత్తింది. గవరమ్మ కొట్టుకి కాదు, సొంత ఇంటికి. ఉప్పు కుండ ఎత్తింది. ఉప్పు నేలపాలు చేస్తే ఏడు జన్మల పాపమని ఆ ఊళ్ళో నమ్మకం. "ఏటే నీకు, పిచ్చా?" అని అత్త అరుస్తూనే ఉంది. పోలమ్మ కుండ మొత్తం మురిక్కాలవలో బోర్లించేసింది. అప్పుడు పరిగెత్తింది కొట్టుకి.

"గవరమ్మా! మా ఇంట్లో ఉప్పు లేదే! ఒట్టు! ఒక్క ఉప్పుకల్లు కూడా లేదు! పొయ్యి మీద కూరుంది, ఉప్పెయ్యే తల్లీ!"

గవరమ్మ ఆ మొహంలోకి చూసింది. నిజమేనని తెలిసింది.

లేచింది. గుమ్మం దాకా వచ్చింది, మళ్ళీ తక్కెడ దాకా వెళ్ళింది. శేరు ఉప్పు తూచింది. పిడికెడు కొసరేసింది. నాణెం కళ్ళకద్దుకుంది.

"అంబలి పొయ్యవే, పోలీ," అని తక్కెడ పక్కనే కూలబడింది.

పోలమ్మ అంబలి తెచ్చేసరికి నాణెం ఇంకా కళ్ళ దగ్గరే ఉంది, గవరమ్మలో ఊపిరి లేదు. వెనకాల వీధి నిండా జనం, అందరి చేతుల్లో ఖాళీ ఉప్పు కుండలు. ఒక్క గుక్కయినా ఆవిడ నోట్లోకి వెళ్ళలేదు.

ఆ మూల కొట్టు ఎన్ని చేతులు మారిందో లెక్కలేదు. ఎవరు పెట్టినా నాలుగు బానలే. నీలం తలుపులూ ఉన్నాయి, జనం అక్కడా కొంటారు. ఉప్పు మాత్రం కొనరు. రోజుకొక ఇల్లు వంతున, తెల్లారగానే ఉప్పు కుండ కాలవలో బోర్లించి కడిగేసుకుని, ఖాళీ కుండతో ఆ మూలకి పోతారు. ఇవాళ కుమ్మరోళ్ళు, రేపు సాలోళ్ళు, ఎల్లుండి బెస్తోళ్ళు. ఎవరో వెళ్ళుంటార్లే అన్న మాట ఆ ఊళ్ళో తిట్టు కింద లెక్క.

కొత్తగా కాపరానికొచ్చిన కోడలు అడుగుద్ది, నిక్షేపంలాంటి ఉప్పు ఎందుకత్తా పారబోస్తారు అని.

"ఆవిడింకా తినలేదమ్మా," అంటారు. "తొందరగా పో."