నెమలికంఠం రంగు

నీలం వంకాయ రంగులోకి పోతోంది. మూడు రోజుల నుంచి పోతూనే ఉంది.

మామూలు నీలమైతే ఎవరూ పట్టించుకోరు. ఇది నెమలికంఠం. చీరాల వైపు నేతపనివాళ్ళ సంఘం ఒకటి తమ చీరల బొమ్మలతో పుస్తకం వేయించుకుంటోంది. అట్ట మీద నిండుగా ఒకే ఒక్క చీర. ఆ చీర రంగు తేలకపోతే లోపల పేజీలు ఎంత బాగా వచ్చినా దండగే. సంఘం అధ్యక్షురాలు వీరరాఘవమ్మ గారు అసలు చీరనే సంచిలో పెట్టుకుని గుంటూరులో మా ప్రెస్సుకి రోజూ వచ్చేవారు. నేను తీసిన షీటు పక్కన చీర పరిచి చూసేవారు.

"ఇది వంకాయ నాయనా. మేం వంకాయ నెయ్యలేదు," అనేవారు. చీర మడిచి మళ్ళీ సంచిలో పెట్టుకునేవారు.

ఆ మాట ఎవరితో అన్నారనుకున్నారు? నాతో. ఊళ్ళో రంగుల ప్రింటింగ్ అంటే చెన్నకేశవులు పేరు చెప్పే రోజులవి. గొప్పలు కాదు, కావాలంటే అప్పటివాళ్ళని అడగండి. ఆ వేసవిలోనే ఒక కారప్పొడి కంపెనీకి మిరపకాయల పోస్టరు వేశాను. ఆ ఎరుపు చూస్తే దారినపోయేవాడికి నోరు మండాలి. మిర్చి కొనడానికొచ్చినవాళ్ళు బేరం ఆపి మరీ గోడకేసి చూశారు.

ఆ ఎరుపు ఎలా వచ్చిందో చెప్పాలి. మాది నాలుగు రంగుల మిషన్. వరసగా నాలుగు గదుల్లా ఉంటాయి, ఒక్కో గదిలో ఒక్కో రంగు. కాగితం ఆ చివర తెల్లగా వెళ్ళి ఈ చివర బొమ్మతో బయటికొస్తుంది. మధ్యలో ఆరడానికి టైముండదు. తడి రంగు మీదే మరో తడి రంగు పడుతుంది. ఏ గదిలో ఏ రంగు పెట్టాలో మనమే చూసుకోవాలి.

మిషన్ కొన్నప్పుడు మా గురువు ఖాసింపీరా గారు శివకాశి వెళ్ళి నెల రోజులుండి ఆ పని నేర్చుకొచ్చారు. వచ్చాక గదుల మీద వరసగా సుద్దముక్కతో రాశారు: నలుపు, నీలం, ఎరుపు, పసుపు. అంతే, ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు.

పోస్టరు పని వచ్చినప్పుడు నేను నా బుర్ర వాడాను. కావలసింది ఎరుపైతే ఎరుపునే ముందు పెడితే పోలా? తెల్ల కాగితం మీద మొదట పడే రంగు నిండుగా పట్టుకుంటుంది. పట్టుకుంది. ఇక అప్పట్నుంచీ ఏ పనొచ్చినా ఎరుపే ముందు. కొత్త మిషన్ మీద ఈ సుద్దరాతలేమిటి అసహ్యంగా అనుకుని కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాను.

తుడిచింది అదొక్కటే కాదు. ఇరవయ్యారేళ్ళు మిషన్ల దగ్గర నిలబడ్డ మనిషి ఖాసింపీరా గారు. షీటు నలక్కుండా ఎత్తడం దగ్గర్నుంచి నాకు నేర్పింది ఆయనే. ఓనరు పురుషోత్తం గారి దగ్గరికి వెళ్ళి, "మేస్త్రి గారికి మోకాళ్ళు సహకరించడం లేదండీ, ఈ మిషన్ మెట్లు ఎక్కలేరు. కొత్త మిషన్ నాకివ్వండి," అని అడిగింది మాత్రం నేను. మోకాళ్ళ మాట నిజమే. నేను ఆయన మీద జాలితో అడగలేదన్నదీ నిజమే. ఆయన వెనక షెడ్డులో ఉన్న పాత ఒంటిరంగు మిషన్ దగ్గరికి వెళ్ళిపోయారు.

మూడో రోజు సాయంత్రం పురుషోత్తం గారు నన్ను పిలిచారు.

"రేపు మధ్యాహ్నానికి రంగు రాకపోతే పని శివకాశికి పంపేస్తాను కేశవులూ. ఈ మిషన్‌కి కూడా అక్కణ్ణించే మనిషిని తెప్పిస్తాను. ఏమీ అనుకోకు," అన్నారు.

అనుకోకుండా ఎలా ఉంటాను? ఆ మిషన్ పోతే నేనెవర్ని?

నేను చెయ్యని ప్రయత్నం లేదు. నీలం పెంచాను, మందంగా పడి పై షీటు వీపుకి అంటుకుంది. ఎరుపు తగ్గించాను, చీర వెలిసిపోయినట్టు వచ్చింది. ఇక మిగిలింది ఒకటే. ఇంకు కల్తీది. ఆ మాట నేనంటే ఓనరు నమ్మడు, ఖాసింపీరా గారంటే నమ్ముతాడు. అందుకే మర్నాడు పొద్దున్నే నీలం డబ్బా, ఎరుపు డబ్బా పట్టుకుని వెనక షెడ్డుకి వెళ్ళాను. సలహా కోసమని పొరపాటు పడకండి. సాక్ష్యం కోసం.

ఆయన స్కూలు పిల్లల ప్రోగ్రెస్ కార్డులు వేస్తున్నారు. నన్ను చూసి మిషన్ ఆపారు.

"మేస్త్రి గారూ, ఈ నీలం ఒకసారి చూడండి. కల్తీ సరుకు పంపినట్టున్నారు."

"కల్తీ అని ఎవరన్నారు?"

"చూస్తే తెలియడం లేదా అండీ?"

"నీకు తెలిసిందిగా, సరే," అన్నారు. మా అట్టకి వాడే నున్నటి కాగితం ముక్క ఒకటి వెతికి బల్ల మీద పరిచారు. "ఏది ముందు వేస్తున్నావు?"

"ఎరుపు."

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. కత్తి మొనతో ఎరుపు కొంచెం తీసి కుడి బొటనవేలికి పల్చగా రాసుకుని కాగితం మీద అద్దారు. నీలం ఎడమ బొటనవేలికి రాసుకుని, ఆ తడి ఎరుపు మీదే అద్దారు. వేలు తీస్తుంటే టప్పుమని చిన్న చప్పుడైంది.

కాగితం మీద వంకాయ రంగు మచ్చ. మధ్యమధ్యలో తెల్లటి చుక్కలు. ఆయన ఎడమ బొటనవేలు తిప్పి నా ముఖం ముందు పెట్టారు. నీలం మీద ఎరుపు అంటుకుని ఉంది. అడుగునున్న ఎరుపుని నీలం పీక్కొచ్చింది.

నాకు ఒళ్ళు మండింది.

"మరి నా పోస్టరు అంత ఎర్రగా ఎలా వచ్చిందండీ?"

"వచ్చింది. నేనూ చూశాను, బాగా వేశావు," అన్నారు. "అందులో నీలం ఎంతుందిరా?"

మిరపకాయల్లో నీలం ఎక్కడుంటుంది?

ఆయన గుడ్డతో వేళ్ళు తుడుచుకుని డబ్బాలు నా వైపు జరిపారు. "ఇప్పుడు నువ్వు అద్దు. నీలం ముందు."

నీలం అద్దాను. దాని మీద ఎరుపు అద్దాను. వేలు తీస్తే చప్పుడు కాలేదు. ఎరుపు నా వేలిని వదిలి, మెత్తగా నీలం మీద కూర్చుండిపోయింది. అడుగు నీలం అడుగునే ఉంది, కదల్లేదు. బొటనవేలంత మేర నెమలికంఠం ఆ బల్ల మీద మెరుస్తోంది.

"ఇంకు మంచిదేనా?" అని అడిగారు.

"మంచిదేనండీ."

"నీలానికి జిగురు ఎక్కువ, ఎరుపుకి తక్కువ. ఇంకు కంపెనీవాళ్ళు చేసేటప్పుడే వరస చూసుకుని చేస్తారు," అన్నారు. ప్రోగ్రెస్ కార్డుల కట్ట సర్దుకుంటూ, నా వైపు చూడకుండానే ఇంకో మాట అన్నారు. "తర్వాత పడేది మెత్తగా ఉండాల్రా కేశవులూ. పొగరుగా ఉంటే అది నిలబడదు. నిలబడకపోగా అడుగుదాన్ని కూడా పీకేస్తుంది."

మిషన్ స్విచ్చి వేశారు. ఆ చప్పుడులో ఇక మాటలకి చోటు లేదు.

నేను అక్కడే నిలబడి నా బొటనవేలు చూసుకున్నాను. నాకు సిగ్గేసింది. అప్పటిదాకా ఆ పదార్థంతో నాకు పెద్దగా పరిచయం లేదు.

పురుషోత్తం గారి గదికి వెళ్ళి, "ఇంకు మంచిదేనండీ. వరస నేనే తప్పు పెట్టాను," అన్నాను. ఆయన గడియారం వైపు చూశారు. నాలుగు గదులూ కడిగాను. ప్లేట్లు విప్పి మళ్ళీ బిగించాను. సుద్దముక్క తీసుకుని వరసగా రాశాను: నలుపు, నీలం, ఎరుపు, పసుపు. తుడిచిన చోటే రాశాను. తర్వాత షెడ్డుకి వెళ్ళి, "మీరొచ్చి నిలబడాలండీ," అని అడిగాను. ఈసారి సాక్ష్యానికి కాదు.

ఆయన మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. దేన్నీ ముట్టుకోలేదు.

పన్నెండు దాటాక వీరరాఘవమ్మ గారు వచ్చారు. సంచిలోంచి చీర తీసి షీటు మీద పరిచారు. కిటికీ వైపు తిప్పి చూశారు, నీడలో పెట్టి చూశారు. చీర కొంగు జరిపి షీటు, షీటు జరిపి కొంగు చూశారు. ముప్పయ్యేళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి, అంత తేలిగ్గా ఒప్పుకోరు.

"ఇదీ మా రంగు," అన్నారు చివరికి. "ఎవరు వేశారయ్యా దీన్ని?"

పురుషోత్తం గారు నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇంకెవరమ్మా, మా కేశవులే."

ఆ మాట కోసమే కదా నేను నాలుగు రోజులు తిండి సరిగ్గా తినంది. ఛాతీ పొంగింది, కాదనను. కానీ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి కనబడుతూనే ఉన్నాడు.

"అడుగున ఆయన వేశారండీ," అన్నాను, ఖాసింపీరా గారిని చూపించి. "పైన నేను వేశాను."

ఇప్పటిదాకా నేనన్న మాటల్లో అంతకంటే గర్వంగా అన్నది ఇంకోటి లేదు.

వీరరాఘవమ్మ గారు నవ్వి, ఆ నెమలికంఠాన్ని వేలితో తడమబోయారు. ఖాసింపీరా గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"వేలు పెట్టకండమ్మా, ఇంకా తడిగానే ఉంది," అన్నారు. "ఆరనివ్వండి. ఇక నిలబడుతుంది."

ఆయన చూస్తున్నది షీటుని కాదు. నన్ను.